మెడికల్ వార్డు నుంచి సైకియాట్రీకి: నా అనుభవం

మాది రాజోలు వైపు. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో చేరాను. ఇంకా పూర్తిగా కుదురుకోకముందే సైకియాట్రీకి, అంటే మానసిక వైద్య విభాగానికి, మారితే ఎలా ఉంటుందన్న ఆలోచన పట్టుకుంది. రూమ్మేట్‌తో అంటే, "ఇప్పుడే వద్దే బాబూ. ముందు ఐసీయూలో చెయ్యి, చెయ్యి తిరుగుతుంది. అక్కడికెళ్తే నరంలోకి కాన్యులా పెట్టడం కూడా మర్చిపోతావ్" అంది. తను గల్ఫ్‌లో నర్సు ఉద్యోగం కోసం ప్రొమెట్రిక్ పరీక్షకి చదువుతోంది, తన లెక్క తనది. అమ్మ లెక్క వేరు: "రేపు సంబంధం వాళ్లు అడిగితే పిచ్చాసుపత్రిలో చేస్తోందని చెప్పమంటావా?"

అమ్మ మాట నన్ను అంతగా కదిలించలేదు. నైట్ డ్యూటీ వేసినా ఆవిడ అదే అంటుంది. రూమ్మేట్ మాట మాత్రం నిద్ర పట్టనివ్వలేదు.

అసలు ఈ ఆలోచన పుట్టిందే మెడికల్ వార్డులో. మా దగ్గరకి పురుగుల మందు తాగినవాళ్లు వస్తూనే ఉంటారు. విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చి, అవసరమైతే వెంటిలేటర్ పెట్టి ఎలాగోలా బతికిస్తాం. ఎందుకు తాగావమ్మా అని కూర్చుని అడిగే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. డిశ్చార్జ్ షీట్ చేతిలో పెట్టి పంపేస్తాం.

ఒకసారి రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే పెద్దాయన జ్వరంతో చేరారు. మూడో రాత్రి దుప్పటి మీద రొయ్యలు గెంతుతున్నాయంటూ ఏరడం మొదలుపెట్టారు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగిపోతే రెండు మూడు రోజుల్లో ఇలా అవుతుందని చదువుకున్నదే. అయినా వార్డులో అందరి చూపూ చేతులు కట్టే గుడ్డ మీదకే పోయింది. సైకియాట్రీ నుంచి వచ్చిన సీనియర్ సిస్టర్ ముందు లైటు వేశారు. కుర్చీ లాక్కుని, "బాబాయ్ గారూ, ఇది ఆసుపత్రండి, కాకినాడ. నేను సిస్టర్‌నండి" అని అదే మాట నిదానంగా చెబుతూ కూర్చున్నారు. డాక్టర్ గారు ఫోన్లో చెప్పిన లొరాజిపామ్, మనిషిని శాంతపరిచే ఇంజెక్షన్, నేను లోడ్ చేస్తుంటే, "గ్లూకోజ్ పెట్టేముందు థయమిన్ వెళ్లిందా?" అని అడిగారు. తాగేవాళ్లకి ముందుగా ఇవ్వాల్సిన ఆ బీ1 విటమిన్ సంగతి అప్పటిదాకా నేను చూసుకోలేదు.

తర్వాత ఆవిడనే సలహా అడిగాను. "ఒకరిని అడిగితే తేలదమ్మా, వచ్చి చెయ్యి" అన్నారు. అక్కడ ఎలాగూ స్టాఫ్ తక్కువ. సూపరింటెండెంట్ మేడమ్ కొన్నాళ్లు రొటేషన్ వేశారు.

వెళ్లగానే నేర్పింది రోగులు హాని చేసుకునే వస్తువుల కోసం సామాన్లు వెతకడం: చున్నీ, ఛార్జర్ వైరు, బ్లేడు, గాజు సీసా. షిఫ్ట్ మారినప్పుడల్లా తలకాయలు లెక్కపెట్టాలి. మాత్ర ఇచ్చాక నాలుక కింద చూడాలి. మెడకి, జబ్బకి తాయెత్తులు కట్టించుకుని, ఊళ్లో చేయాల్సినవన్నీ చేయించుకున్నాక వచ్చేవాళ్లే ఎక్కువ.

ఎండాకాలంలో, మూడ్ అదుపులో ఉంచే లిథియం మాత్రలు వాడుతున్న ఒకాయన టీ గ్లాసు పట్టుకుంటే టీ ఒలికిపోతోంది. మాట ముద్దగా వస్తోంది. ముందురోజు నుంచి విరేచనాలట. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే లిథియం రక్తంలో పేరుకుంటుంది. డాక్టర్ గారికి చెప్పాను, రక్తంలో లిథియం లెవెల్ పరీక్షకి పంపితే ఎక్కువే వచ్చింది. వెంటనే కాన్యులా పెట్టి సెలైన్ మొదలుపెట్టింది నేనే. కరెంట్ షాక్ అని జనం భయపడే ఈసీటీ కూడా మత్తు, కండరాలు సడలే మందు ఇచ్చాకే చేస్తారు. అవి లేకుండా చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. మెలకువ వచ్చేదాకా ఊపిరి, ఆక్సిజన్ సాచురేషన్ చూసుకునేది నర్సే. చెయ్యి మర్చిపోతుందన్న భయం అక్కడ సగం తగ్గింది.

మిగతా సగం ఉంది, లేదనను. రోజులకి రోజులు ఒక్క ఇంజెక్షన్ కూడా ఉండదు. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకామె ఎవరితోనూ మాట్లాడేది కాదు. పక్కన ఊరికే కూర్చోమన్నారు. పని చేయకుండా కూర్చోవడం నాకు చేతకాదు, ఊరికే బీపీ చూసేదాన్ని. ఒకసారి చెంపదెబ్బ కూడా తిన్నాను. బస్సులో కూర్చున్నా వార్డు బుర్రలోంచి పోదు. మెడికల్ వార్డులో అలసిపోయేదాన్ని కానీ ఇలా మోసుకెళ్లేదాన్ని కాదు. ఇది తట్టుకోగలనా అన్నదే చూసుకోవాల్సింది, తొందరపడుతున్నానా అన్నది కాదు.

చదువు సంగతి కూడా చూశాను. సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది. దేనికైనా నర్సుగా రిజిస్ట్రేషన్, ఏడాది అనుభవం కావాలి. ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అంటే మాకు విశాఖే. ఇటు జిల్లాల్లో పోస్టులు తక్కువ. అందుకే రేపు కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికైనా పనికొస్తుందని ఎమ్మెస్సీకే మొగ్గాను. నాన్న అడిగింది ఒక్కటే, "జీతం తగ్గుతుందా అమ్మాయ్?" తగ్గదు, పెరగదు అన్నాను. "అయితే సరే."

సీటు వచ్చేదాకా సైకియాట్రీ వార్డులోనే ఉంటాను. నెలలో రెండు మూడు డ్యూటీలు క్యాజువాల్టీలో వేయమని మేడమ్‌ని అడిగితే ఒప్పుకున్నారు.