మా సర్వర్లకు డెబియన్ ఎందుకు ఎంచుకున్నాను

డెబియన్ లాగే సెంట్ఓఎస్ కూడా సర్వర్లలో వాడే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్; దాని వెనకున్నది రెడ్ హ్యాట్ కంపెనీ. దాని గురించి 2020 డిసెంబర్ 8న వచ్చిన ప్రకటనను మర్నాడు పొద్దున ఆఫీసులో చదివాను. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని నమ్మి ఆ ఏడాదే 11 సర్వర్లలో సెంట్ఓఎస్ 8 ఎక్కించాను. అది 2021 డిసెంబర్ 31తో ఆగిపోతుందట. పాత 7కి మాత్రం 2024 జూన్ దాకా గడువు ఉండేది. మాది విజయవాడలో కాలేజీల ఫీజుల సాఫ్ట్‌వేర్ నడిపే చిన్న కంపెనీ. సర్వర్లు చూసేది నేనొక్కదాన్నే. ఆ రోజు టెన్షన్‌తో అన్నం కూడా సరిగా తినలేదు.

సెంట్ఓఎస్ స్థానంలో వాడుకునేలా ఆల్మాలినక్స్ 2021 మార్చిలో, రాకీ లినక్స్ జూన్‌లో వచ్చాయి. సెంట్ఓఎస్ తొలినాళ్లలో పనిచేసి చనిపోయిన రాకీ మెక్‌గా జ్ఞాపకంగా ఆ పేరు పెట్టారని తెలిసి మనసు అటే లాగింది. రెంటిలో ఏది పెట్టినా మాకు పని తక్కువే. "తేలికైనది ఉండగా డెబియన్ ఎందుకమ్మా?" అని మా సార్ అడిగారు.

నేను చూసింది ఒకటే: గడువు తగ్గించే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఒక కంపెనీ తన ప్రాజెక్టుపై నిర్ణయం మార్చుకుంటే తప్పు పట్టలేను. డెబియన్‌కు మాత్రం యజమాని కంపెనీ లేదు. 1993 నుంచి నడుస్తోంది. నాయకుణ్ణి ఏటా డెవలపర్లే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఒక్కో వెర్షన్‌కు మూడేళ్ల అప్‌డేట్లు, ఆపైన ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) బృందం ఇచ్చే మరో రెండేళ్లు. సెంట్ఓఎస్ 8కి మొదట చెప్పినట్టు పదేళ్లు కాదు, అయిదే. ఆ అయిదింటిపై నాకు భరోసా ఉంది. సార్ ఒప్పుకున్నారు.

2021 ఆగస్టులో డెబియన్ 11 రాగానే మార్చడం మొదలుపెట్టాను. వెబ్ సర్వర్లు ఇబ్బంది పెట్టలేదు. ఏడుపొచ్చింది డేటాబేస్ దగ్గర. అది ఇంకా సెంట్ఓఎస్ 7 మీదే ఉంది. మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ వెర్షన్ రెండు వైపులా ఒకటే కదా అని, స్ట్రీమింగ్ రెప్లికేషన్‌తో (డేటాబేస్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే కాపీ చేసే పద్ధతి) కొత్త మెషీన్‌కు కాపీ చేసి, ఒక ఆదివారం రాత్రి దాన్నే ప్రైమరీ (అసలు డేటాబేస్) చేశాను. రెండు రోజులకు ఒక కాలేజీ నుంచి ఫోన్: "మేడమ్, కట్టిన రసీదు వెతికితే కనపడట్లేదు." టేబుల్‌లో చూస్తే రసీదు ఉంది.

కారణం పట్టుకోవడానికి రాత్రంతా పట్టింది. లినక్స్‌లో ప్రోగ్రాములన్నీ ఆధారపడే జీలిబ్‌సీ అనే లైబ్రరీ 2.28 వెర్షన్‌లో అక్షరాల వరుస మారింది. మేం వాడే ఇంగ్లిష్ లొకేల్ (భాష సెట్టింగ్)లో పాత పద్ధతి ప్రకారం 11 ముందు, 1-1 తర్వాత. కొత్తదాంట్లో 1-1 ముందు. మా రసీదు నంబర్ల నిండా హైఫన్లే. ఇండెక్స్ అంటే ముందే వరుసలో పేర్చిన జాబితా. పేర్చింది పాత పద్ధతిలో, వెతుకుతున్నది కొత్త పద్ధతిలో. ఇండెక్స్‌ను కొత్తగా పేర్చే రీఇండెక్స్ చేయబోతే డూప్లికేట్లు ఉన్నాయంటూ ఆగిపోయింది: కనపడలేదని క్లర్కులు మళ్లీ ఎక్కించిన రసీదులు. ఒకే నంబరు రెండుసార్లు రాకుండా ఆపాల్సిన యూనిక్ ఇండెక్స్ కూడా వరుస తప్పి వాటిని పట్టుకోలేకపోయింది. ఒక్కోటి కాలేజీ వాళ్లతో సరిచూసి తీసేశాను. పిల్లల ఫీజు డబ్బు లెక్క అది. రెప్లికేషన్ బదులు పీజీ డంప్‌తో డేటాను ఫైలుగా తీసి, కొత్తదాంట్లో ఇండెక్సులు కొత్తగా తయారయ్యేలా ఎక్కించి ఉంటే ఇదంతా జరిగేది కాదు. సెంట్ఓఎస్ 7 నుంచి ఇప్పుడు ఎటు మారేవాళ్లయినా దయచేసి అలాగే చేయండి.

2023లో డెబియన్ 12కు వెళ్లేటప్పుడు నా కాగితం మీద మొదటి లైను రీఇండెక్సే. ఒక్క సర్వర్‌లో మాత్రం ఆల్మా ఉంది. అందులోని బయోమెట్రిక్ హాజరు సాఫ్ట్‌వేర్ ఆర్‌పీఎం (సెంట్ఓఎస్, ఆల్మా వాడే రకం) ప్యాకేజీగానే వస్తుంది.