వాన ఆపని గొడుగు

బ్రెజిల్ ఈశాన్య తీరంలో ఉన్న రెసిఫే ఊరికి వెళ్తున్నామంటే సావో పాలో ఆఫీసులో అందరిదీ ఒకటే మాట, "ఫిబ్రవరిలో కార్నివాల్ పండక్కి వెళ్లాల్సింది" అని. మాకు సెలవు దొరికింది జూన్‌లో. విమానం మూడు గంటల పైనే. దిగాక హోటల్‌కి ట్యాక్సీవాడు లాగిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఊరంతా సెయింట్ జాన్ పండగ హడావుడి. కాల్చిన మొక్కజొన్న పొత్తులు, అకార్డియన్ మీద ఫొహో అనే ఇక్కడి జానపద పాటలు. కార్నివాల్‌కి ఊరిని ఊపేసే ఫ్రేవో, అదే ఇక్కడి బ్యాండు పాటా ఆటా, మాత్రం ఎక్కడా వినపడదే! అడిగితే మ్యూజియంకి పొమ్మన్నారు. నాకు చిరాకేసింది. మా విజయనగరంలో సిరిమాను సంబరం అయిపోయాక వచ్చి పులివేషాల్ని అద్దాల బీరువాలో చూసుకున్నట్టు ఉంటుంది కదా! "బీచ్‌కెళ్లి మాత్రం చేసేదేముంది, సొరచేపల బోర్డులు చదవడం తప్ప?" అంది మా ఆవిడ. కదిలాం.

పాత రేవు పేటలో, ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ల టెలిగ్రాఫ్ కంపెనీ ఆఫీసుగా ఉన్న భవనం అది. 2014 నుంచి 'పాసో దో ఫ్రేవో'. పాసో అంటే రాజభవనం. ఫ్రేవో అన్న పేరేమో మరగడం అనే అర్థమున్న 'ఫెర్వేర్' మాట జనం నోట్లో నలిగి పుట్టిందట. 1907 ఫిబ్రవరి 9న ఇక్కడి పత్రికలో మొదటిసారి అచ్చయింది. పొయ్యి మీద ఎసరు పొంగినట్టు వీధిలో జనం పొంగడం అన్నమాట.

ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. నాకు పెళ్లి ఊరేగింపుల్లోని బ్యాండు మేళం గుర్తొచ్చింది. కాకపోతే మనవాళ్లు ఆగి ఆగి నడుస్తూ వాయిస్తారు. వీళ్లు రైలు తప్పిపోతున్నట్టు వాయిస్తారు.

ఒక గదిలో పిల్లలకి క్లాసు జరుగుతోంది. అరవై దాటినావిడ, చేతిలో జానెడు రంగుల గొడుగు. అడుగుల పేర్లు ఫోన్‌లో తర్జుమా చేసుకుంటూ కూర్చున్నాను. కత్తెర. స్క్రూ. తలుపు గడియ. తలుపు బందు. ఇది డాన్సు క్లాసా, హార్డ్‌వేర్ షాపా? మా ఆవిడకి చూపిస్తే పకపకా నవ్వింది. గోడ మీద పాత ఫ్రేవో క్లబ్బుల పేర్లు చదివాకగానీ నవ్వు ఆగలేదు. 1888లో పెట్టినదాని పేరు పారలు, ఆ మరుసటి ఏడాది పెట్టినది చీపుళ్లు, ఇంకోటి కట్టెలు కొట్టేవాళ్లది. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది కూడా 1888లోనే. పగలంతా చేతుల్లో ఉన్న పనిముట్లే పండగనాడు జెండా మీదికి ఎక్కాయి.

గొడుగు కథ ఇంకోటి. బ్యాండు ముందు నడిచే కపోయెరా (నాట్యంలా సాగే బ్రెజిల్ యుద్ధవిద్య) వీరులు కర్రలూ గొడుగులూ పట్టుకునేవారట, ఎదుటి గుంపుని కొట్టడానికే. పోలీసులు వెంటపడ్డాక దెబ్బలాట కాస్తా నాట్యమైంది, గొడుగు చిన్నదైపోయింది అంటారు.

క్లాసు చెప్పే పెద్దావిడ నన్ను కూడా లేపింది. మడమ మీద ఒక కాలు, మునివేళ్ల మీద ఇంకో కాలు, మారుస్తూ పక్కకి జరగాలి. అదే కత్తెర. రెండోసారికే నా కుడి మోకాలు టక్కుమంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

పై అంతస్తుకెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను. క్లబ్బుల జెండాలు నేలలో ఉన్నాయి. మఖ్మల్ గుడ్డ, బంగారు జరీ, పైన అద్దం. అందరూ వాటి మీదే నడిచిపోతున్నారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినవాణ్ణి, అడుగు పడితేనా! బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాను. కాపలా కుర్రాడు వింతగా చూశాడుగానీ ఏమీ అనలేదు. చీపురు గుర్తున్న జెండా ఎక్కడుందో అని అంచుల వెంట చాలాసేపు వెతికాను.

బయట తపియోకా అట్టు తిన్నాం, చీజు ముక్కలూ కొబ్బరీ పెట్టి. కర్రపెండలం పిండే. మన సామర్లకోటవైపు సగ్గుబియ్యం చేసే దుంప. ఇక్కడ ఆ అట్టుకి ఇరవై రియల్స్. మా ఆవిడ ఒక ఫ్రేవో గొడుగు బేరమాడి ఇరవై అయిదుకి కొంది. పది అడుగులు వేశామో లేదో జూన్ వాన దబదబా కురిసింది. గొడుగు తెరిచింది. ఆవిడ జడ కూడా సగమే దాగింది.