ఎటెటు పోతే అటటు నుంచి

అసంశయం మహాబాహో మనో దుర్నిగ్రహం చలమ్ |
అభ్యాసేన తు కౌంతేయ వైరాగ్యేణ చ గృహ్యతే ||

భగవద్గీత ఆరో అధ్యాయంలో 35వ శ్లోకం ఇది. మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమని అర్జునుడు అంతకుముందు శ్లోకంలోనే మొరపెట్టుకున్నాడు. గురి తప్పని విలుకాడే ఆ మాట అన్నాడు. పని ముందు కూర్చోగానే చేయి ఫోన్ మీదికి పోతోందని మనం కుంగిపోనక్కర్లేదు. స్వామి కూడా మందలించలేదు. ‘సందేహం లేదు, నిజమే’ అని ఒప్పుకుని, ఆ తర్వాతే మందు చెప్పాడు: అభ్యాసం, వైరాగ్యం.

అభ్యాసం అంటే మనసు కదలకుండా కూర్చోవడం అనుకుంటాం. అదే అధ్యాయం 26వ శ్లోకం చూడండి. ‘యతో యతో నిశ్చరతి’, ‘తతస్తతో నియమ్య’. ఎటెటు పోతే అటటు నుంచి మళ్లించు అని. మాట రెండేసిసార్లు రావడంలోనే మర్మముంది. మనసు పదే పదే పోతుందని శ్లోకానికి ముందే తెలుసు. అరగంటలో ఇరవైసార్లు జారి ఇరవైసార్లూ వెనక్కి వస్తే, ఇరవైసార్లు అభ్యాసం జరిగినట్టే. ఇక్కడ చెప్పింది మనసును ఆత్మలో నిలపడం గురించి, నిజమే. కానీ జపంలో చెదిరేదీ, ఆఫీసు పనిలో చెదిరేదీ ఒకే మనసు.

మొదటి వారం రోజుకు 25 నిమిషాలు చాలు. రోజూ ఒకే వేళకు, వీలైతే మెయిల్ తెరవకముందే కూర్చోండి. చేయబోయే పనిని ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘రిపోర్టు పూర్తి చేయాలి’ అని రాస్తే మనసుకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, అందుకే పారిపోతుంది. ‘రెండో భాగంలో మొదటి పేరా రాయాలి’ అని రాయండి. పక్కన ఒక చిత్తు కాగితం ఉంచుకోండి. మధ్యలో బిల్లు కట్టాలని గుర్తొస్తే ఆ రెండు ముక్కలు దాని మీద పెట్టి, ఆపిన వాక్యం దగ్గరికే వచ్చి దాన్ని మొదటి నుంచి ఒకసారి చదవండి. కళ్లెం అదే. ‘అబ్బా, మళ్లీ పోయిందే’ అని విసుక్కుంటే మనసు ఆ విసుగు వెంట ఇంకో చోటికి పోతుంది.

వైరాగ్యాన్ని చాలామంది పళ్లు బిగించి తెచ్చుకోవాలని చూస్తారు. శంకరులు ఈ శ్లోక భాష్యంలో దానికి దారి చూపారు: భోగాల్లో దోషాన్ని మళ్లీ మళ్లీ చూడగా చూడగా కలిగే తృష్ణ లేనితనమే వైరాగ్యం. కాబట్టి ఒక వారం పాటు ఫోన్ ఎప్పుడు తీశారో, ఎప్పుడు పెట్టారో, పెట్టేటప్పుడు మనసు ఎలా ఉందో మూడు గడుల్లో రాసి చూడండి. ఉన్నది ఉన్నట్టు రాయండి, తీర్పు వద్దు. ఆ మూడో గడి చేసే పని ఏ ఒట్టూ చేయదు. పని వేళ ఫోన్‌ను పక్క గదిలో పెట్టండి. విషయాన్ని తలచుకుంటూ ఉంటే దాని మీద సంగం, అంటే తగులుకుపోయే ఆసక్తి, పుడుతుందని రెండో అధ్యాయమే (2-62) చెప్పింది. బోర్లించి బల్ల మీద పెట్టినా తలపు దాని మీదే ఉంటుంది.

ఎక్కువమంది తప్పేది కొలత దగ్గర. మొదటి రోజే రెండు గంటలు కూర్చుంటారు, నాలుగో రోజుకు మానేస్తారు. లేదా తెల్లవారి 4 గంటలకు అలారం పెట్టి, పడుకునే వేళ మాత్రం మార్చరు. అతిగా నిద్రపోయేవాడికీ, అతిగా మేలుకునేవాడికీ యోగం లేదని ఆరో అధ్యాయం 16వ శ్లోకం హెచ్చరిక. వారానికి 5 నిమిషాల చొప్పున పెంచితే శరీరం ఎదురు తిరగదు.

ఒక రోజు తప్పుతుంది. తప్పకుండా తప్పుతుంది. యోగం నుంచి మధ్యలో జారినవాడి గతేమిటని అర్జునుడు అడిగితే, మంచి చేసేవాడెవడూ దుర్గతి పాలు కాడు నాయనా అన్నాడు స్వామి (6-40). మర్నాడు బాకీ కలిపి 50 నిమిషాలు కూర్చోవద్దు. అదే వేళకు, అదే చోట, 10 నిమిషాలు కూర్చోండి. ఆపిన వాక్యాన్ని మొదటి నుంచి చదవండి.