లినక్స్ కోర్సు ఎక్కడ చేరాలో ఎలా తేల్చుకున్నానంటే

బీఎస్సీ కంప్యూటర్స్ చదివినా నాకు కోడింగ్ కంటే సర్వర్లు, నెట్‌వర్కుల మీదే ఇష్టం. అనంతపురంలో ఎవరినడిగినా "అమీర్‌పేటకు పో, లేదంటే బెంగళూరుకు పో" అనేవాళ్లే. రూము అద్దె, మెస్సు, ఫీజు అన్నీ కలిపి చూస్తే నాన్నను అడగబుద్ధి కాలేదు.

బెంగళూరులో సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తున్న మా బావ, "సెంటర్లవాళ్ల పాంప్లెట్ తర్వాత, ముందు పరీక్షలో ఏమడుగుతారో చూడప్పా" అన్నాడు. సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. దాన్ని నడిపే పనికి రెడ్ హ్యాట్ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ. దాని పరీక్షలో ఏమేం చేయించేదీ ఆ కంపెనీ తన వెబ్‌సైట్‌లోనే పెట్టింది. క్లాక్ టవర్ దగ్గర దాన్ని ప్రింట్ తీయించుకున్నా. ఆ పరీక్షలో బిట్లుండవు. యూజర్లను సృష్టించాలి, డిస్కులు పార్టిషన్ చేయాలి (భాగాలుగా విడగొట్టాలి), సర్వీసులు నడిపించాలి, అన్నీ మిషన్ మీదే. చేసిన సెట్టింగు రీబూట్ అయ్యాక కూడా నిలవాలి. అలాంటప్పుడు నోట్సు రాయించే క్లాసు నాకెందుకు?

ఆ కాగితం పట్టుకుని సెంటర్లు తిరిగా. ఒకచోట బోర్డు మీద ఇంకా ఎంసీఎస్‌ఏ అనే మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ పేరు ఉంది. మైక్రోసాఫ్ట్ దాన్ని 2021 జనవరిలోనే ఆపేసింది. అడిగితే "సర్టిఫికెట్ మేమిస్తాం కదా" అన్నారు. ఉద్యోగం కోసం ఇంట్లో అప్పు చేసి వచ్చే పిల్లలకు అలా చెప్పడం అన్యాయం. ఇంకోచోట సెంటోస్ 7 అనే పాత లినక్స్ వెర్షన్ మీదే పాఠాలు. దానికి 2024 జూన్‌తో సపోర్టు అయిపోయింది.

ప్రతిచోటా నేనడిగింది రెండే: ఒక్కొక్కరికి విడిగా మిషన్ ఇస్తారా, క్లాసయ్యాక ల్యాబులో కూర్చోనిస్తారా? చాలామంది మాట దాటేసి ఫీజులో డిస్కౌంటు గురించి ఎత్తుకున్నారు.

చివరికి ఒక చిన్న సెంటర్‌లో డెమో క్లాసుకు కూర్చున్నా. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు కలపాలో రాసుండే ఫైలు ఎఫ్‌స్టాబ్. సార్ కావాలనే అందులో అసలు మిషన్‌లోనే లేని డిస్కు పేరు రాసి రీబూట్ కొట్టారు. మిషన్ మామూలుగా లేవకుండా, రిపేరు కోసం ఉండే ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. "ఇప్పుడు లేపండి చూద్దాం" అని కీబోర్డు మాకిచ్చి పక్కకు జరిగారు. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ కొట్టి, ఆ లైను వెతికి తీసేసి మళ్లీ బూట్ చేసేసరికి అరగంట పట్టింది. సార్ మధ్యలో ఒక్కసారీ చేయి పెట్టలేదు. ఆ సాయంత్రమే ఫీజు కట్టేశా.

ఇంట్లో, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఆల్మాలినక్స్ అనే లినక్స్ వేసుకున్నా, రెండూ ఉచితమే. అప్పటి స్థితిని దాచిపెట్టే స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటే ఎంత చెడగొట్టినా టెన్షన్ లేదు. ప్రస్తుతం క్లాసులో ఎల్‌వీఎం, అంటే డిస్కు స్థలాన్ని కావాల్సినట్టు పంచుకునే పద్ధతి, నడుస్తోంది. ఈ కోర్సు పూర్తయ్యాక నెట్‌వర్కింగ్ కోసం సిస్కో కంపెనీ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ మొదలుపెడతా.