మళ్ళీ తేదీ వేసి రాస్తున్నాను

మన తరగతిలో రేడియో అని పిలుచుకునే అమ్మాయి ఫోన్ చేసి, "మన బ్యాచ్ అంతా కలుసుకునే రోజుకి వేసే సంచికకి రెండు పేజీలు రాసివ్వాలి, నీ పేరు ముందే వేసేశాం" అంది. కాదనడానికి వీల్లేదు. కానీ ఆ రాత్రి కాయితం ముందు పెట్టుకుంటే చెయ్యి కదలలేదు. నేను రాయడం ఆపేసి నాలుగున్నరేళ్ళయింది.

మన తరగతిలో దినచర్య పుస్తకం వదలకుండా రాసినవాళ్ళం ముగ్గురమే. పనసపొట్టు అని మనం పిలిచే ఒకరు, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద వచ్చే బ్యాచ్‌లో పొడుగమ్మాయి, నేను. వాళ్ళిద్దరూ ఎప్పుడు ఆపారో తెలియదు. నేను 1995 నుంచి 2021 మే దాకా రాశాను. మొదట్లో నోటు పుస్తకాలు, తర్వాత ఎవరైనా ఇచ్చిన బ్యాంకు డైరీలు, ఎల్‌ఐసీ డైరీలు. మొత్తం 27 పుస్తకాలు ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్నాయి.

దీనికంతటికీ కారణం తెలుగు మాస్టారు. ఆయన గురించి రాయకుండా నేను ఇంకేదీ రాయలేను. ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా జరిగినవన్నీ మనం జెండా అని పిలిచేవాడు రాస్తాడని వదిలేస్తున్నాను.

"ఈ రోజు బాగా గడిచింది" అని రాస్తే మాస్టారు ఎర్ర సిరాతో గీత పెట్టేవారు, గుర్తుందా? "ఏది బాగుందిరా? కూర బాగుందా, వాన బాగుందా?" అని అడిగేవారు. పైన తేదీ, వారం ఉండాలి. మూడు వాక్యాలు చాలు, కానీ మన కళ్ళతో చూసినవే ఉండాలి. ఒకసారి నేను "ప్రకృతి శోభాయమానంగా ఉంది" అని రాశాను. మా ఇంటి నుంచి బడి దాకా ఏయే చెట్లున్నాయో, ఎన్ని ఉన్నాయో రాసుకురమ్మన్నారు. రెండు రోజులు పట్టింది. దాని కింద "ఇప్పుడు కనబడుతోంది" అని రాసి సంతకం పెట్టారు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ చెట్లు మరుసటి ఏడాదికే లేవు.

1996 నవంబరు 6, బుధవారం. తుపాను వచ్చిన ఆ రాత్రి గురించి నేను రాయను. ఎవరి రాత్రి వాళ్ళకి ఉంది. తెల్లారేసరికి మా పేటలో నిలబడి ఉన్న కొబ్బరిచెట్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఆదివారమే దీపావళి. మా నాన్న కొబ్బరి దింపు చేసేవాడని మీకు తెలుసు. కాళ్ళకి బంధం వేసుకుంటే ఎంత ఎత్తు చెట్టయినా చకచకా ఎక్కేసేవాడు. ఆ పొద్దున్న బంధం చేత్తో పట్టుకుని, పడిపోయిన చెట్లు దాటుకుంటూ తోట ఆ చివరి దాకా వెళ్ళి వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. కొత్త మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుందని రాత్రి అమ్మతో అంటుంటే విన్నాను. వారం తిరగ్గానే మట్టిపనికి రాజమండ్రి వెళ్ళిపోయాడు.

బడి తెరిచేసరికి చివరి గదుల మీద పెంకులు లేవు. మనల్ని వరండాలో కూర్చోబెట్టారు. మాస్టారు పద్యం చెప్పలేదు. పుస్తకాలు తడిసిపోయినవాళ్ళకి తన సంచీలోంచి తెల్లకాయితాలు తీసి పంచారు. "ఇవాళ పొద్దున్న మీ ఇంట్లో ఏం జరిగిందో రాయండి. ఆ రాత్రి గురించి వద్దు. ఇవాళ పొద్దున్నది చాలు" అన్నారు. అందరం రాశాం. నా పక్కన కూర్చునేవాడు, సముద్రం వైపు నుంచి వచ్చేవాడు, ఒక్క వాక్యం రాశాడు. "మా ఇంట్లో అన్నం వండారు." అంతే రాశాడు. మాస్టారు అది చదివి, కాయితం మడిచి జేబులో పెట్టుకుని, నుయ్యి దగ్గరికి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డారు. తిరిగొచ్చి ఆ కాయితం వాడి చేతికిచ్చి, "తేదీ వేయడం మర్చిపోయావు, వెయ్యి నాన్నా" అన్నారు.

ఆ మర్నాటి నుంచి పబ్లిక్ పరీక్షల దాకా మాస్టారి క్యారియర్‌లో రెండు గిన్నెలు వాడివే. వాళ్ళిద్దరూ స్టాఫ్ రూము వెనక తినేవారు కాబట్టి మీలో చాలామందికి ఇది తెలియకపోవచ్చు. వాడిప్పుడు కువైట్‌లో ఉన్నాడు. రాయనా అని అడిగితే, రాయమన్నాడు.

కరెంటు లేని ఆ రోజుల్లో మన డ్రిల్లు గదిలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన లైన్‌మెన్‌లు దిగారు కదా. రాయలసీమ వైపు ఆయన ఒకరు నా పుస్తకం చూసి, "నీ అక్షరం బాగుండాదప్పా, మా ఇంటికో జాబు రాసిస్తావా?" అని అడిగారు. ఇన్‌లాండు లెటరు ఇచ్చి, ఏం రాయాలో మాత్రం చెప్పలేకపోయారు. నేనే అడిగి అడిగి రాశాను. ఇవాళ ఎన్ని స్తంభాలు నిలబెట్టారు, ఏం తిన్నారు, కాలికి గుచ్చుకున్న మేకు ఎలా ఉంది. చదివి వినిపిస్తే ఆయన కళ్ళు తుడుచుకున్నారు. మర్నాడు సాయంత్రం నన్ను పక్కన నిలబెట్టుకుని, బడి ముందున్న వీధి దీపం వెలిగించి చూపించారు. పేటలో జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి ఆ దీపం కింద నిలబడ్డారు. నా పుస్తకంలో ఆ రోజు పేజీ అటూ ఇటూ నిండిపోయింది.

పది పాసయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు తీసుకున్నాను. కొన్నాళ్ళు కాంట్రాక్టు పనులు చేశాను. 2006లో జూనియర్ లైన్‌మెన్‌గా ఉద్యోగం వచ్చింది. నాన్న నేను స్తంభం ఎక్కడం చూడ్డానికి ప్రత్యేకంగా వచ్చాడు. కింద నిలబడి, కాలు ఎక్కడ పెట్టాలో చెబుతూనే ఉన్నాడు. నేను దిగాక, "నువ్వు ఎక్కితే ఊరికి వెలుగొస్తుంది" అన్నాడు. అదీ పుస్తకంలో ఉంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మమ్మల్ని విశాఖ పంపారు. పదహారు రోజులు ఒక బడి వరండాలో పడుకున్నాను. పడుకునే ముందు సెల్‌ఫోన్ వెలుతురులో మూడు వాక్యాలు రాసేవాణ్ణి. మన డ్రిల్లు గది గుర్తొచ్చేది. ఇప్పుడు లైన్ ఇన్‌స్పెక్టర్‌ని.

2021 మే 11న నాన్న పోయాడు. ఆ రోజు పేజీ రాయలేదు. మర్నాడు రాయాలంటే ముందు రోజుది రాయాలి కదా. అలా ఆగిపోయింది.

ఈ నాలుగున్నరేళ్ళలో నేను రాసినవన్నీ ఎల్‌సీ రిజిస్టరులోవే. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, పని చేసుకోవడానికి లైనులో కరెంటు ఆపించి తీసుకునే అనుమతి. ఫలానా ఫీడరు, లైన్ క్లియర్ తీసుకున్న సమయం 10.15, తిరిగి ఇచ్చిన సమయం 11.40. మొన్న అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతుంటే సబ్‌స్టేషన్‌లో ఉన్నాను. తలుపు సందులోంచి వచ్చే ఆ ఈల శబ్దం పదో తరగతిలో విన్నదే. నా పక్కన సచివాలయం ఎనర్జీ అసిస్టెంట్లు ఇద్దరు, పాతికేళ్ళ లోపు పిల్లలు. లైన్ క్లియర్ తీసుకున్నా సరే, తీగని నేలకి కలిపే ఎర్త్ రాడ్డు వేయందే తీగ ముట్టుకోవద్దని రోజూ చెప్పేదే ఆ రాత్రి మళ్ళీ చెప్పాను. తర్వాత తొంభై ఆరు గురించి అడిగారు. తేదీలతో సహా చెప్పాను. ఎన్ని చెట్లు పడ్డాయి, బడి ఎప్పుడు తెరిచారు, ఏ రోజు దీపం వెలిగింది, అన్నీ. తర్వాత వాళ్ళలో ఒకడు, "మీ అమ్మాయి బీటెక్‌లో చేరి ఎన్నాళ్ళయింది సార్?" అని మామూలుగా అడిగాడు. మూడో ఏడు అని తెలుసు. కానీ కాకినాడలో హాస్టల్లో దింపి వచ్చిన రోజు వాన పడిందా, అది ఏడ్చిందా, వాళ్ళమ్మ ఏం కట్టి ఇచ్చింది, ఒక్కటీ గుర్తు రాలేదు. చాలా బాధేసింది. అది స్కూటీ నేర్చుకున్న రోజు కూడా నా దగ్గర లేదు.

అందుకే రేడియో ఫోన్ నాకు దేవుడు చేయించినట్టుంది. మాస్టారు కూడా వస్తున్నారట. ఆయనకి చూపించడానికి నా దగ్గర కొత్త పుస్తకం ఉండాలి.

సరే, ఆయన అడిగినట్టే రాస్తాను.

2025 నవంబరు 16, ఆదివారం. నాలుగున్నరకి లేచాను. అమ్మ అప్పటికే కార్తీక స్నానం చేసి దీపం పెట్టేసింది. మోకాలు నొప్పంటే ఒప్పుకోదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు పైపు కారుతోంది, గుడ్డ కట్టాను. అంబాజీపేట పరిశోధన కేంద్రం నుంచి తెచ్చిన గోదావరి గంగ రకం కొబ్బరి మొక్కలు ఆరింటిలో అయిదు బతికాయి. ఒకదానికి కొత్త మట్ట వచ్చింది. మా ఆవిడ రెండు జాకెట్లు కుట్టి ఇచ్చింది, మూడోది సాయంత్రానికి. అబ్బాయి ఇంటర్ లెక్కలతో కుస్తీ పడుతున్నాడు, వాడి టెన్షన్ చూసి నేను కూడా పక్కన కూర్చున్నాను. కూర పనసపొట్టు, ఆవ కాస్త ఎక్కువైంది, అలాగే బాగుంది. కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. డిసెంబరులో సెలవు దొరికిందట, తప్పకుండా వస్తున్నాడు. ఆ కాయితం తన దగ్గరే ఉందన్నాడు. పర్సులో పెట్టుకుని మడతల దగ్గర చిరిగిపోతే లామినేషన్ చేయించాడట.

మీ అందరికీ ఒక మనవి. ఆ ఏడాది దినచర్య పుస్తకాలు ఎవరింట్లో ఉన్నా, చెదలు తినగా మిగిలిన ముక్కయినా సరే, మనం కలిసే రోజు పట్టుకురండి. మాస్టారి కళ్ళజోడు అద్దాలు మందమయ్యాయట. మనమే చదివి వినిపిద్దాం.

ఇది రాయడం అయ్యాక పెట్టె తెరిచి 2021 డైరీ తీశాను. మే 11 పేజీ మీద తేదీ, వారం అచ్చు వేసే ఉన్నాయి. కింద రాశాను:

"నాన్న పొద్దున్న ఒక ఇడ్లీ తిన్నాడు. రెండోది వద్దన్నాడు. కొబ్బరి పచ్చడి బాగుందన్నాడు."