ఇంగాట్ లోపలి గుల్ల రోలింగ్‌లో పోతుందా?

కరిగిన స్టీలును అచ్చులో పోసి గట్టిపరిచిన దిమ్మే ఇంగాట్, దాన్ని రోళ్ల మధ్య నొక్కి పలచబరచడమే రోలింగ్. "లోపల కాస్త గుల్ల ఉంటే ఏముంది, రోలింగ్‌లో అణిగిపోతుందిలే" అనే మాట మిల్లులో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. సగం నిజమే, కానీ మిగతా సగం వల్లే చివర్లో ప్లేటు రిజెక్ట్ అవుతుంది.

కరిగిన స్టీలు గట్టిపడేటప్పుడు ఘనపరిమాణం 3-4 శాతం దాకా తగ్గుతుంది. నడిమధ్య అన్నిటికన్నా ఆఖర్న గట్టిపడుతుంది, అప్పటికి ఆ ఖాళీ నింపడానికి ద్రవం మిగలదు. పైభాగంలో పడే పెద్ద గుంట, అదే పైప్, కోసి పారేస్తాం. దాని కింద మధ్యగీత వెంబడి చెదురుమదురుగా మిగిలే సన్న రంధ్రాలే అసలు సమస్య.

వాటిని మూయాలంటే మొత్తం మీద మందం ఎంత తగ్గించామన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఒక్కో పాస్‌లో, అంటే రోళ్ల మధ్య నుంచి ఒక్కసారి పంపినప్పుడు, ఎంత నొక్కామో చూడాలి. 500 మి.మీ. వ్యాసార్ధం ఉన్న రోళ్లతో 400 మి.మీ. మందాన్ని 20 మి.మీ. నొక్కారనుకోండి. వ్యాసార్ధాన్ని ఆ 20తో గుణించి వర్గమూలం తీస్తే రోలు స్టీలును తాకే పొడవు వస్తుంది: 100 మి.మీ. అంటే 400 మందంలో నాలుగో వంతే! అప్పుడు పైపొరలు సాగుతాయి, మధ్యభాగం నలగకపోగా లాగుడులో పడుతుంది, రంధ్రం ఇంకా తెరుచుకున్నా ఆశ్చర్యం లేదు. అదే 45 నొక్కితే 150 వస్తుంది, మందం 300కి దిగాక అదే 45 వేస్తే ఆ పొడవు మందంలో సగానికి చేరుతుంది, అక్కడి నుంచి ఒత్తిడి నిజంగా లోపలికి దిగుతుంది. అందుకే పది తేలిక పాస్‌ల కన్నా నాలుగు బరువైన పాస్‌లు మేలని నా గట్టి నమ్మకం. అలాగని ఎంతైనా నొక్కలేం, రోళ్లు పట్టు దొరక్క జారతాయి, మోటారు లోడ్ తట్టుకోదు.

వేడి సంగతీ ఉంది. సోకింగ్‌లో, అంటే రోలింగ్‌కు ముందు ఫర్నేస్‌లో ఉంచి వేడిచేసేటప్పుడు, ఇంగాట్ గుండె దాకా 1200 డిగ్రీల దరిదాపుల్లోకి రావాలి. పైన వేడెక్కింది కదా అని తొందరపడి బయటికి తీస్తే లోపల బిగుసుకుని ఉంటుంది, నొక్కుడంతా పైనే ఖర్చవుతుంది. పూర్తిగా వేడెక్కాక పైపొర కాస్త చల్లబడితే మాత్రం మంచిదే, గట్టిపడిన ఆ చర్మం ఒత్తిడిని మెత్తటి మధ్యభాగానికి తోస్తుంది.

ఇంతా చేసి రంధ్రం మూసుకున్నా గోడలు రెండూ అతుక్కోవాలి కదా. లోపల గాలి చొరబడకుండా గోడలు శుభ్రంగా ఉంటే వేడికీ ఒత్తిడికీ కలిసిపోతాయి. పాత రిమ్డ్ స్టీలులో (ఆక్సిజన్ పూర్తిగా తీసేయకుండా పోసేది) కార్బన్ మోనాక్సైడ్ బుడగలు అలాగే మాయమయ్యేవి. చర్మానికి దగ్గరగా ఉన్న బుడగ ఫర్నేస్‌లో బయటికి తెరుచుకుందంటే లోపల ఆక్సైడ్ పొలుసు కడుతుంది, ఇక ఎంత రోల్ చేసినా అది అతకదు, ఉపరితలం మీద గీతగా మిగులుతుంది.

మూసుకుని అతకనిదాన్ని కోసి మామూలు కంటితో చూస్తే చాలాసార్లు ఏమీ కనిపించదు. ధ్వని తరంగాలు పంపి వెతికే అల్ట్రాసోనిక్ పరీక్షలో మాత్రం, అది ప్లేటుకు సమాంతరంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి, పైనుంచి పంపిన తరంగం దానికి నేరుగా తగిలి వెనక్కొస్తుంది. అనుమానం ఉన్న హీట్ (ఒకేసారి కరిగించిన స్టీలు) అయితే స్కాన్‌తో ఆగకండి, మందం దిశలో టెన్సైల్ టెస్ట్ (ముక్కను లాగి తెంపే పరీక్ష) కూడా చేయించండి. అతకని చోట ముక్క పెద్దగా సాగకుండానే తెగిపోతుంది.