ఘనా నుంచి లోమేకి రెండు రోజుల ట్రిప్పు: ఎల్లో కార్డు దగ్గర నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి ఘనా రేవు పట్టణం టెమాలో ఇంటికి చేరాం. బ్యాగులు ఇంకా విప్పలేదు. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. ఘనాలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. నాలాగే 2016కి ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, దాని సర్టిఫికెట్ (అదే ఎల్లో కార్డు) పట్టుకుని వచ్చినవాళ్లు ఇది తప్పకుండా చదవాలి.

వెళ్లింది నలుగురం. నేను, మా ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు తమ్ముళ్లు (ఒకడిది తణుకు, ఒకడిది నిజామాబాద్), మా మెయింటెనెన్స్ సెక్షన్‌లోని ఎవే జాతి ఘనా మిత్రుడు. లోమే పక్క దేశం టోగో రాజధాని కాబట్టి టోగో వీసా ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం, ఆ పని ఇబ్బంది లేకుండా అయిపోయింది. మా ఎవే మిత్రుడికి వీసా అక్కర్లేదు. ఎకోవాస్ (పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి) దేశాలవాళ్లు ఒకరి దేశానికి ఒకరు 90 రోజుల దాకా వీసా లేకుండానే వెళ్లొచ్చు. మనకు మాత్రం ఘనా రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా టోగో వీసా కావాల్సిందే.

శనివారం తెల్లవారుజామునే బయల్దేరాం. సోగాకోపే దగ్గర వోల్టా నది వంతెన దాటాం, బ్రెడ్డు కొనుక్కుని తిన్నాం, తొమ్మిదిన్నరకి అఫ్లావో చేరాం. కారు మా మిత్రుడి మేనత్త ఇంటి ముందు పెట్టి నడక మొదలుపెట్టాం. ఊరి చివరే సరిహద్దు. గేటు దాటితే అవతల లోమే నగరమే.

మిత్రుడు ఘనా డబ్బు సెడీలు ఇచ్చి టోగో డబ్బు సీఫాలు తెస్తానని పక్కకి వెళ్లాడు. తమ్ముళ్లిద్దరూ ముందు నడుస్తున్నారు. అప్పుడు వచ్చాడు ఒకతను. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు. "బాస్, పాస్‌పోర్ట్, ఎల్లో కార్డు" అని చెయ్యి చాపాడు. ఉద్యోగి అనుకుని రెండూ ఇచ్చేశాను. ఇలాంటివాళ్లను ఇక్కడ గోరో బాయ్స్ అంటారు. పోర్టు దగ్గర, ఆఫీసుల దగ్గర పనులు చేసిపెడతామని వెంటపడే దళారులు. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, ఆ మాట నాకు తెలుసు. ఆ ట్యాగు చూసి గుర్తుపట్టలేకపోయాను.

అతను కార్డు తెరిచి ఒక గీత మీద వేలు పెట్టాడు. నా టీకా 2013లో హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంలో (ప్రభుత్వ టీకా కేంద్రం) వేశారు. చీరాల నుంచి రాత్రి రైల్లో వెళ్లి పొద్దున్నే క్యూలో నిలబడ్డాను. కోడిగుడ్డు పడదా అని అడిగి మరీ సూది వేశారు. కార్డు మీద ఊదారంగు స్టాంపు, దాని పక్కన నీలం సిరాతో పదేళ్ల గడువు: 2023 వరకు. ఎయిర్‌పోర్టుల్లో కార్డు చూసి పంపేసేవాళ్లు కాబట్టి ఆ తేదీ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

"ఇది చచ్చిపోయిన కార్డు. నిన్ను వెనక్కి పంపుతారు, లేదంటే ఇక్కడే సూది వేసి ఆపేస్తారు" అన్నాడు. నెమ్మదిగా చెప్పి ఉంటే వేరు. నలుగురికీ వినబడేలా, "ఈ ఇండియన్‌కి టీకా లేదు" అని అరిచాడు. తలమీద బేసిన్లు పెట్టుకుని వెళ్తున్న ఆడవాళ్లు ఆగి చూశారు. లారీ డ్రైవరొకడు నవ్వాడు. నా పక్కనున్న ముసలాయన రెండడుగులు దూరం జరిగాడు. అది మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది. తమ్ముళ్లు వెనక్కి వచ్చి "ఏమైందన్నా?" అంటే నోరు పెగల్లేదు. షిఫ్టులో అరవైమందిని నడిపించేవాణ్ణి, ఆ గేటు దగ్గర దొంగలా నిలబడ్డాను.

కొత్త కార్డుకి అయిదు వందల సెడీలన్నాడు. లెక్కపెట్టి ఇచ్చాను. పాస్‌పోర్ట్, పాత కార్డు పట్టుకుని దుకాణాల వెనక్కి వెళ్లిపోయాడు. నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాం. తిరిగొచ్చి కొత్త కార్డు చేతిలో పెట్టాడు. పేరులో స్పెల్లింగు తప్పు. నేనెప్పుడూ చూడని ఊళ్లో టీకా వేయించుకున్నట్టు స్టాంపు. తేదీ నెల రోజుల వెనకటిది. అలా ఎందుకంటే, మొదటిసారి టీకా వేశాక పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఆ లెక్క అతనికి బాగా తెలుసు! అది దొంగ కార్డు. అది చూపించి దొరికితే కేసు నా మీదే.

సరిగ్గా అప్పుడే మా మిత్రుడు వచ్చాడు. ఒక్క కేక వెయ్యలేదు. అతని మణికట్టు పట్టుకుని ఎవే భాషలో మెల్లగా ఏదో చెప్పాడు. పాస్‌పోర్ట్ వచ్చింది, పాత కార్డు వచ్చింది, అయిదు వందల్లో మూడు వందలు వచ్చాయి. దొంగ కార్డు అక్కడే ముక్కలు చేశాం. తర్వాత నన్ను హెల్త్ టేబుల్ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడున్నావిడ నా పాత కార్డు తిప్పి చూసి, "ఇది జీవితాంతం చెల్లుతుంది, వెళ్లండి" అంది. అర నిమిషం పట్టిందేమో.

అసలు రూలు ఇది. ఒక్క డోసు జీవితాంతం సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2014లో ఒప్పుకున్నాయి. అది 2016 జులై 11 నుంచి అమల్లో ఉంది. కార్డు మీద పదేళ్లని రాసి ఉన్న పాతవి కూడా చెల్లుతాయి, మార్పించుకోనక్కర్లేదు. ఈ రెండు ముక్కలు ఇన్నేళ్లలో నాకు ఒక్కరూ చెప్పలేదు. మనుషుల్ని ఇక్కడికి పంపి కమీషన్ తీసుకునే ఏజెంట్లకైనా ఇది చెప్పే బాధ్యత లేదా?

లోమే బాగుంది. సరిహద్దు నుంచే సముద్రం పక్కన రోడ్డు, ఎటు చూసినా జెమిజాన్‌లు, అంటే బైకు ట్యాక్సీలు. గ్రాండ్ మార్కెట్‌లో వ్యాక్స్ ప్రింట్ (మైనం అద్దకం) గుడ్డలు చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆ వ్యాపారంతోనే బెంజి కార్లు కొన్న ఆడవాళ్లను నానా బెంజ్ అనేవారట. ఆ గుడ్డల మధ్య నిలబడితే మా తాత గుర్తొచ్చాడు. చీరాల మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు మద్రాసు పేరుతో నైజీరియా దాకా వచ్చేవి, ఆ రుమాళ్లు ఆయనా నేశాడు. రాత్రి మా మిత్రుడి చిన్నమ్మ ఇంట్లో భోజనం. మేనత్తది ఘనా, చిన్నమ్మది టోగో, ఇద్దరిదీ ఒకే భాష. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల దగ్గర్నుంచి తీసుకున్న టోగోలాండ్‌ని బ్రిటిష్‌వాళ్లు, ఫ్రెంచివాళ్లు పంచుకున్నారు. అలాంటి గీతలకి ఎవేవాళ్లు అటు కొందరు, ఇటు కొందరు మిగిలారు.

మీరు వెళ్తే సీఫాలు ఎక్కడైనా మార్చుకోండి, ఎక్కడైనా తినండి, అవి పెద్ద విషయాలు కావు. పాస్‌పోర్టూ కార్డూ మాత్రం టేబుల్ వెనక కూర్చున్న మనిషికి తప్ప ఎవరికీ ఇవ్వకండి, మెడలో ఎన్ని ట్యాగులున్నా సరే.

ఆదివారం సాయంత్రం తిరిగొస్తుంటే అదే మనిషి, అదే చొక్కా. ఒక గుజరాతీ కుటుంబం వైపు నడుస్తున్నాడు. నేను వాడికంటే ముందు వెళ్లి నిలబడ్డాను. "కార్డు మీ చేతిలోనే ఉంచుకోండి మాతాజీ" అని హిందీలో చెప్పి, ఆ పెద్దావిడని నేనే హెల్త్ టేబుల్ దాకా తీసుకెళ్లాను. ఆవిడ కార్డు 2011 నాటిది.